కేసీ-10 ఎక్స్‌టెండర్: మూడు ఇంజిన్ల ట్యాంకర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విమానాల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కూర్చున్నచోట కేసీ-10 (ఎగురుతూనే వేరే విమానాలకి ఇంధనం ఇచ్చే అమెరికా ట్యాంకర్ విమానం) మాట వచ్చిందంటే అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తాయి. డీసీ-10కీ దీనికీ తేడా ఏంటి, గాల్లో ఇంధనం ఎలా ఎక్కిస్తారు, బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు పక్కన పెట్టారు, మన దగ్గర ఇలాంటిది ఉందా... ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## పుట్టుక

అసలు కేసీ-10 అంటే ఏంటి? ట్యాంకరా, సరకు విమానమా?

రెండూ, అదే దీని గొప్ప. మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీవాళ్ల డీసీ-10 ప్రయాణికుల విమానాన్ని (సరకుకీ ప్రయాణికులకీ మార్చి మార్చి వాడుకునే 30సీఎఫ్ రకాన్ని) తీసుకుని అమెరికా వాయుసేన కోసం మార్చిన విమానం ఇది. 1980 జులైలో మొదటిసారి ఎగిరింది, 1981లో లూసియానాలోని బార్క్స్‌డేల్ స్థావరానికి చేరింది. మొత్తం 60 తయారయ్యాయి. ఎంతసేపూ "పెద్ద ట్యాంకర్" అని మాత్రమే చెప్పుకుంటాం గానీ, ఫైటర్లకి దారంతా ఇంధనం ఇస్తూ, వాటి మెకానిక్కులనీ సామాన్లనీ కూడా తన కడుపులోనే మోసుకుపోవడం దీని అసలు పని. ఆ రెండు పనులూ ఒకే ట్రిప్పులో అయిపోతాయి.

అప్పటికే కేసీ-135లు (అమెరికా వాయుసేన పాత ట్యాంకర్లు) వందల్లో ఉన్నాయి కదా, ఇంకో ట్యాంకర్ ఎందుకు?

1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌కీ అరబ్ దేశాలకీ జరిగిన యుద్ధం దీనికి కారణం. ఇజ్రాయెల్‌కి ఆయుధాలు విమానాల్లో పంపాలని అమెరికా అనుకుంటే, యూరప్‌లో మిత్రదేశాలే చాలావరకు మా గడ్డ మీద దిగొద్దు అన్నాయి. చివరికి అట్లాంటిక్ మధ్యలో పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల్లోని లాజెస్ స్థావరం ఒక్కటే దిక్కయింది. అది కూడా దొరక్కపోతే ఏం చేసేవాళ్లు అన్న టెన్షన్ వాషింగ్టన్‌లో గట్టిగానే పట్టుకుంది. ఎవరి అనుమతీ అడగకుండా సముద్రాలు దాటాలంటే ఎక్కువ ఇంధనం మోసే ట్యాంకర్ కావాలి, అదే విమానం సరకు కూడా మోస్తే ఇంకా మంచిది. ఆ ఆలోచనే 1977 డిసెంబరులో ఈ విమానం ఎంపికకి దారితీసింది.

747 ఇంకా పెద్దది కదా, దాన్ని ఎందుకు కాదన్నారు?

747 నిజంగానే పోటీలో ఉంది. కానీ డీసీ-10 అంతకంటే చిన్న రన్‌వేల మీంచి నిండు బరువుతో లేవగలదు, యుద్ధం వస్తే అన్నిచోట్లా మూడు కిలోమీటర్ల రన్‌వే దొరకదు కదా. ఆ పాయింటు బాగా పనిచేసింది. అన్నట్టు, 747 ట్యాంకర్లు ఊహ కాదు, ఇరాన్ వాయుసేన షా కాలంలో నిజంగానే వాడింది.

మూడు ఇంజిన్లే ఎందుకు? రెండో నాలుగో పెట్టొచ్చుగా?

అప్పటి రూల్సు అలాంటివి. రెండింజిన్ల విమానం దారిలో ఎక్కడున్నా, ఒక ఇంజిన్ పోతే మిగిలినదానితో గంటలోపు ఏదో ఒక విమానాశ్రయం చేరేలా ఉండాలి. మహాసముద్రాల మీద అది కుదిరే పని కాదు. నాలుగు పెడితే ఇంధనం, మెయింటెనెన్స్ తడిసి మోపెడవుతాయి. మధ్యేమార్గంగా మూడు పెట్టారు. 1970లో మూడు నెలల తేడాతో మొదటిసారి ఎగిరిన డీసీ-10, లాక్‌హీడ్ ట్రైస్టార్ రెండూ ఆ లెక్కలోంచి వచ్చినవే. తర్వాత ఇంజిన్ల మీద నమ్మకం పెరిగి రూల్సు సడలించాక మూడింజిన్ల అవసరమే పోయింది.

డీసీ-10 అంటే ప్రమాదాల విమానం అంటారు. దాన్నే సైన్యం ఎలా కొన్నది?

చెడ్డపేరు ఊరికే రాలేదు. 1974లో పారిస్ దగ్గర కింది సరకు గది తలుపు గాల్లో ఊడి టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 346 మంది చనిపోయారు. 1979 మేలో షికాగోలో ఎడమ ఇంజిన్ ఊడిపోయి 273 మంది పోయారు, ఆ తర్వాత కొన్ని వారాలపాటు అమెరికాలో డీసీ-10లన్నిటినీ నేల మీదే ఉంచేశారు. కేసీ-10 ఎంపిక సరిగ్గా ఈ రెండు ప్రమాదాల మధ్య జరిగింది.

కానీ రెండూ ఒకే రకం తప్పులు కావు. షికాగోలో అసలు దోషం మెయింటెనెన్స్‌ది, ఇంజిన్‌నీ దాన్ని రెక్కకి పట్టి ఉంచే పైలాన్‌నీ విడివిడిగా తీయాల్సింది పోయి ఫోర్క్‌లిఫ్ట్‌తో కలిపి దించి ఎక్కించడంలో పైలాన్ దెబ్బతింది. పారిస్‌ది తలుపు డిజైన్‌లోని లోపం. కేసీ-10లో కింది గదుల నిండా ఇంధనం ట్యాంకులు పెట్టేశారు కాబట్టి ఆ కింది సరకు తలుపులు చాలావరకు లేకుండానే తయారు చేశారు, అంటే ఎక్కువ భయపెట్టిన భాగం వేరే కారణంతో తనంతట తనే పోయింది.

40 ఏళ్లకు పైగా సర్వీసులో ఒక్క కేసీ-10 కూడా గాల్లోంచి కూలిపోలేదు. పోయింది ఒక్కటే, అదీ నేల మీద: 1987 సెప్టెంబరులో బార్క్స్‌డేల్‌లో మెయింటెనెన్స్ చేస్తుండగా పేలుడు జరిగి మంటలంటుకున్నాయి, సిబ్బందిలో ఒకరు చనిపోయారు. మిగిలిన 59 చివరిదాకా పనిచేశాయి.

## లోపల ఏముంది

ఎంత ఇంధనం పడుతుంది? పైన డెక్ మొత్తం ట్యాంకులేనా?

నిండా నింపితే 161 టన్నుల పైచిలుకు, లీటర్లలో దాదాపు రెండు లక్షలు. మన రోడ్ల మీద తిరిగే 20 వేల లీటర్ల ట్యాంకర్ లారీలు పది ఖాళీ చేస్తే గానీ ఇది నిండదు. కేసీ-135 పట్టేదానికి ఇది రెట్టింపుకి కాస్త తక్కువ.

పై డెక్‌లో చుక్క ఇంధనం కూడా ఉండదు. డీసీ-10 రెక్కల ట్యాంకులు ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు ప్రయాణికుల సూట్‌కేసులు పెట్టే కింది గదుల్లో ఏడు అదనపు ట్యాంకులు అమర్చారు, ముందు మూడు, వెనక నాలుగు. అందుకే పైన అంత చోటు సరకుకి మిగిలింది.

తన ఇంజిన్లకి వేరే ఇంధనం, ఇవ్వడానికి వేరే ఇంధనం ఉంటాయా?

ఉండవు. ఇంజిన్లు కాల్చేదీ పక్క విమానానికి ఇచ్చేదీ ఒకటే. సరకు తక్కువగా ఉండి ఎవరికీ ఇవ్వకపోతే మొత్తం తనే వాడుకుని 18,500 కిలోమీటర్లు పోగలదు. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఆగకుండా వెళ్లినా ఇంకా మిగిలే దూరం అది.

సరకు ఎంత మోస్తుంది? మనుషులు కూడా వెళ్తారా?

గరిష్ఠంగా 77 టన్నులు, లేదా 27 పాలెట్లు (సరకు పేర్చి కట్టే పెద్ద పలకలు). మనుషులతో కలిపి పోవాలంటే 17 పాలెట్లు, 75 మంది. ఎడమవైపు ముందుభాగంలో పెద్ద సరకు తలుపు పైకి తెరుచుకుంటుంది. కిటికీలు చాలావరకు మూసేసి తయారు చేశారు కాబట్టి కూర్చున్నవాళ్లకి బయట ఏం జరుగుతోందో పెద్దగా తెలీదు.

నిండా సరకు, నిండా ఇంధనం రెండూ ఒకేసారి వేయొచ్చా?

వేయలేరు. ఖాళీ విమానమే సుమారు 109 టన్నులు, దానికి 161 టన్నుల ఇంధనం, 77 టన్నుల సరకు కలిపితే 347 అవుతుంది. ఇది లేవగలిగే గరిష్ఠ బరువు 267.6 టన్నులు. ఒకసారి ఈ కూడిక వేసి చూడండి, ట్యాంకులు పూర్తిగా నింపితేనే ఆ పరిమితి దాటిపోతుంది, సరకుకి ఏమీ మిగలదు. కాబట్టి ప్రతి ట్రిప్పుకీ బేరం ఉంటుంది. దూరం ఎంత, దారిలో ఎన్ని ఫైటర్లకి ఇవ్వాలి, అవతల దింపాల్సిన సామాను ఎంత అని చూసుకుని దేన్నో ఒకదాన్ని తగ్గిస్తారు.

ఎంతమంది నడుపుతారు?

నలుగురు: పైలట్, కో-పైలట్, ఫ్లైట్ ఇంజినీర్, బూమ్ ఆపరేటర్ (ఇంధనం ఇచ్చే గొట్టాన్ని నడిపేవాళ్లు). ఫ్లైట్ ఇంజినీర్ సీటు ఉన్న పాతకాలం కాక్‌పిట్ ఇది. సరకు ఉన్న రోజు దాని బాధ్యత కూడా ఎక్కువగా బూమ్ ఆపరేటర్ మీదే పడేది.

## గాల్లో

గాల్లో ఇంధనం ఎలా ఎక్కిస్తారు, కొంచెం వివరంగా చెప్పండి

ఫైటర్ వెనక నుంచి, కాస్త కింది నుంచి మెల్లగా వచ్చి సుమారు 50 అడుగుల దూరంలో నిలకడగా ఎగురుతూ ఆగుతుంది. బూమ్ ఆపరేటర్ రమ్మన్నాక ఇంకా దగ్గరికి జరుగుతుంది. ట్యాంకర్ పొట్ట కింద రెండు వరసల లైట్లు ఉంటాయి, ముందుకి రా, వెనక్కి పో, పైకి, కిందికి అని పైలట్‌కి చెప్పేవి అవే.

ఈలోపు బూమ్ ఆపరేటర్ తోక కింద వేలాడే పొడవాటి గొట్టాన్ని, అంటే బూమ్‌ని, స్టిక్‌లతో నడుపుతుంటారు. నడపడం అని ఊరికే అనలేదు, బూమ్‌కి చిన్న రెక్కలుంటాయి, వాటితో అది గాల్లో నిజంగానే ఎగురుతుంది. ఒక చేత్తో దాన్ని పక్కలకీ పైకీ కిందికీ తిప్పుతూ, ఇంకో చేత్తో లోపలి గొట్టాన్ని బయటికి చాపుతూ ఫైటర్ మీదున్న చిన్న కంతలో దిగేస్తారు. ఎఫ్-16కి ఆ కంత కాక్‌పిట్ వెనక వీపు మీద ఉంటుంది. ఏ-10కి మాత్రం ముక్కు మీద, పైలట్ ఎదురుగానే, అంటే అంత పెద్ద ఇనుప గొట్టం నేరుగా తన మొహం మీదికి వస్తుంటే ఆ పైలట్ కదలకుండా విమానం పట్టుకోవాలి.

బూమ్ వేరు, గొట్టం-బుట్ట వేరు అంటారు. ఏది మంచిది?

బూమ్ గట్టి గొట్టం, ఆపరేటర్ తెచ్చి తగిలిస్తారు, వేగంగా పోస్తుంది, కేసీ-10లో నిమిషానికి దాదాపు 4,160 లీటర్లు. రెండోది మెత్తటి గొట్టం, చివర బుట్ట, ఫైటర్ పైలటే తన ముక్కు దగ్గరి ముల్లుని ఆ బుట్టలో గుచ్చాలి, ఇది నిమిషానికి 1,780 లీటర్ల దాకా. అమెరికా వాయుసేనది మొదటి పద్ధతి. అమెరికా నౌకాదళం, మెరీన్లు, బ్రిటన్, ఇండియా, రష్యా ఫైటర్లది రెండోది.

ఏది మంచిదన్నది కాదు, ఎదురొచ్చిన విమానానికి ఏది ఉందన్నదే ముఖ్యం. చాలా కేసీ-135లకి బుట్ట కావాలంటే నేల మీద ఉండగానే బూమ్ చివర తగిలించి బయల్దేరాలి, ఆ ట్రిప్పులో ఇక బూమ్ పద్ధతి విమానాలకి ఇవ్వలేదు. కేసీ-10లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఎఫ్-15కి ఇచ్చి, అది పక్కకి జరిగాక నౌకాదళం ఎఫ్-18కి ఇవ్వొచ్చు. 20 విమానాలకైతే రెక్కల కింద కూడా గొట్టాల పాడ్‌లు తగిలించే ఏర్పాటు చేశారు. నన్నడిగితే కేసీ-10 మీద పైలట్లకి అంత ప్రేమ రావడానికి ఇంధనం పరిమాణం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

బూమ్ ఆపరేటర్ బోర్లా పడుకుని పనిచేస్తారట, నిజమేనా?

అది కేసీ-135లో. కేసీ-10లో వెనక పెద్ద కిటికీ ముందు సీట్లో దర్జాగా కూర్చుంటారు, పక్కన ట్రైనరుకీ నేర్చుకునేవాళ్లకీ కూడా సీట్లుంటాయి. ఇలాంటి సుఖాల వల్లే దీనికి ఖరీదైన ఫ్యాషన్ బ్రాండ్ పేరు మీద 'గూచీ' అని ముద్దుపేరు వచ్చింది.

ఒక్కో విమానానికి ఎంతసేపు పడుతుంది?

ఫైటర్‌కి కొన్ని నిమిషాలు చాలు. సీ-5 లాంటి భారీ విమానమైతే ఆ రెండు విమానాలూ అతుక్కుని చాలాసేపు ఎగరాల్సిందే.

ట్యాంకర్‌కే ఇంధనం తక్కువైతే?

ఇంకో ట్యాంకర్ నుంచి తీసుకుంటుంది. కాక్‌పిట్ పైన దీనికీ ఒక కంత ఉంది. కేసీ-135ల్లో చాలావాటికి ఈ సౌకర్యం లేదు.

మధ్యలో ఏదైనా తేడా వస్తే?

ఎవరికి అనుమానం వచ్చినా రేడియోలో "బ్రేక్‌అవే" అని మూడుసార్లు అరుస్తారు. వెంటనే గొట్టం వదిలేసి ఫైటర్ కిందికీ వెనక్కీ, ట్యాంకర్ ముందుకీ పోతాయి.

బూమే మొండికేస్తే కథ వేరు. 2016 నవంబరులో ఐడాహో మీద ఒక కేసీ-10 బూమ్ ఆపరేటర్ మాట వినడం మానేసి ఇష్టమొచ్చినట్టు ఊగి, చివరికి విమానం నుంచి ఊడి పొలంలో పడింది. అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు, విమానం క్షేమంగా దిగింది.

## చేసిన పనులు, చుట్టాలు

కేసీ-10 బాగా పేరు తెచ్చుకున్న సందర్భం ఏది?

చాలామంది 1991 గల్ఫ్ యుద్ధం అంటారు. నేనైతే 1986 ఏప్రిల్‌లో లిబియా మీద అమెరికా చేసిన దాడి అంటాను. ఇంగ్లండ్‌లోని లేకెన్‌హీత్ నుంచి 24 ఎఫ్-111 యుద్ధవిమానాలు లేచాయి, అందులో ఆరు స్పేర్లు, వెనక్కి వచ్చేశాయి. ఫ్రాన్స్, స్పెయిన్ తమ ఆకాశంలోంచి పోనివ్వలేదు. దాంతో అట్లాంటిక్ మీదుగా చుట్టు తిరిగి, జిబ్రాల్టర్ సందులోంచి మధ్యధరాలోకి దూరి, ట్రిపోలీ మీద బాంబులేసి మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి, మొత్తం 13 గంటల పైమాటే. అంత చిన్న కాక్‌పిట్లో ఇద్దరేసి మనుషులు, చీకట్లో, రేడియో వాడకుండా, పదే పదే ట్యాంకర్ దగ్గరికి వచ్చి ఇంధనం తీసుకుంటూ పోయారు. కేసీ-10లు, కేసీ-135లు దారి పొడవునా వెంట ఉన్నాయి. ఒక ఎఫ్-111 ఇద్దరు మనుషులతో సహా తిరిగి రాలేదు. 1973లో భయపడిన పరిస్థితి, మిత్రులే దారివ్వకపోవడం, అచ్చంగా అలాగే ఎదురైంది, అందుకోసం కొన్న విమానం అందులో పనికొచ్చింది.

అమెరికా తప్ప ఇంకెవరూ వాడలేదా?

కేసీ-10ని ఎవరూ కొనలేదు. కానీ నెదర్లాండ్స్ 1995లో రెండు పాత డీసీ-10లని కేడీసీ-10 పేరుతో ట్యాంకర్లుగా మార్చుకుంది. వాటిలో వెనక కిటికీ లేదు, ఆపరేటర్ ముందు కూర్చుని కెమెరా స్క్రీన్‌లో చూస్తూ బూమ్ నడిపేవారు. అప్పటికి అది కొత్త విషయం.

బ్రిటన్ మూడింజిన్ల ట్యాంకర్ కూడా ఇదేనా?

కాదు, అది లాక్‌హీడ్ ట్రైస్టార్. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత దూరప్రయాణాల ట్యాంకర్ కావాలని బ్రిటిష్ ఎయిర్‌వేస్ నుంచి ఆరు, పాన్ యామ్ నుంచి మూడు సెకండ్‌హ్యాండ్‌లో కొని కేంబ్రిడ్జ్‌లో మార్పించారు. బూమ్ లేదు, గొట్టం-బుట్ట మాత్రమే. 2014 మార్చిలో రిటైరయ్యాయి. దూరం నుంచి తేడా తెలియాలంటే తోక చూడండి, డీసీ-10ది నిలువు రెక్క మధ్యలో సూటిగా దూరిన ఇంజిన్, ట్రైస్టార్‌ది పైన నోరు మాత్రమే, ఇంజిన్ కింద విమానం చివర్లో ఉంటుంది.

## రిటైర్మెంట్

కేసీ-135 ఇంకా పాతది కదా, దాన్ని ఉంచి దీన్నెందుకు తీసేశారు?

ఎక్కువమంది అడిగేది ఇదే, అడిగేవాళ్ల గొంతులో కోపం కూడా ఉంటుంది. 1950ల నాటి కేసీ-135 ఇంకా ఎగురుతోంది, 1980ల కేసీ-10 2024 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ట్రావిస్ నుంచి చివరిసారి బయల్దేరి వెళ్లిపోయింది.

చేతకాక కాదు, సంఖ్యలో తక్కువ ఉండటం వల్ల పోయింది. 59 విమానాల కోసం విడిగా పైలట్ల ట్రైనింగ్, విడిగా ఫ్లైట్ ఇంజినీర్లు, విడిగా సిమ్యులేటర్లు, స్పేర్లు నడపాలి. కేసీ-135లు దాదాపు నాలుగు వందలు. కొన్ని కేసీ-135లు తీసేస్తే మిగిలేది కొంచెమే, ఒక రకం విమానాన్ని పూర్తిగా తీసేస్తే ఆ వ్యవస్థ ఖర్చంతా మిగులుతుంది. పైగా బయటి ప్రపంచంలో డీసీ-10 కుటుంబం కనుమరుగవుతోంది, ప్రయాణికులతో చివరి డీసీ-10ని బంగ్లాదేశ్ బిమాన్ 2014లో ఆపేసింది, ఫెడెక్స్ తన ఎండీ-10లని (మార్పులు చేసిన డీసీ-10లే) 2022 చివర్లో. ఆఫీసులో కూర్చుని చూస్తే లెక్క సరైనదే. గాల్లో ఉన్న ఫైటర్ పైలట్‌కి మాత్రం రెండు కేసీ-135ల పని ఒక్కటే చేసిపెట్టే విమానం పోయింది.

దీని బదులు వచ్చిన కేసీ-46 ఇంతకంటే మంచిదా?

కొత్తది, రెండే ఇంజిన్లు, బోయింగ్ 767 ఆధారం, బూమ్, బుట్ట రెండూ ఉన్నాయి. కానీ ఇంధనం 96 టన్నులే, పాలెట్లు 18. ఆపరేటర్ కిటికీలోంచి కాక కెమెరాల ద్వారా చూస్తారు, ఆ కెమెరా వ్యవస్థ ఏళ్ల తరబడి తలనొప్పి తెచ్చిపెట్టింది. కేసీ-10కి సరిసమానమైనది ఇంకా ఎవరూ కట్టలేదనే నా అభిప్రాయం.

ఇప్పుడు దగ్గర్నుంచి చూడాలంటే?

డెలావేర్‌లో డోవర్ స్థావరం పక్కనున్న ఎయిర్ మొబిలిటీ కమాండ్ మ్యూజియంలో ఒకటి ఉంది. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు పిల్లల్ని తీసుకుని ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. మిగతావి చాలావరకు అరిజోనా ఎడారిలోని డేవిస్-మాంథన్ విమానాల గోదాముకి పోయాయి.

## మనవాళ్లు అడిగేవి

మన వాయుసేన దగ్గర ఇలాంటిది ఉందా?

మూడింజిన్లది లేదు. మనకి ఉన్నవి 2003 నుంచి వచ్చిన ఆరు ఇల్యూషిన్-78ఎంకేఐలు, ఆగ్రాలో ఉంటాయి, నాలుగు ఇంజిన్లు, గొట్టం-బుట్ట పద్ధతి. ఇంత పెద్ద దేశానికి ఆరు చాలవని అందరికీ తెలుసు, కొత్తవి కొనే ప్రయత్నాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. 2022లో హెచ్‌ఏఎల్, ఇజ్రాయెల్ ఏరోస్పేస్ కలిసి పాత ప్రయాణికుల విమానాలని ట్యాంకర్లుగా మార్చే ఒప్పందం రాసుకున్నాయి. 2025 మార్చిలో పైలట్ల ట్రైనింగ్ కోసం ఒక కేసీ-135ని అద్దెకి తీసుకునే కాంట్రాక్టు కుదిరింది.

బే ఏరియా నుంచి శాక్రమెంటో వెళ్తుంటే ఫెయిర్‌ఫీల్డ్ దగ్గర పెద్ద విమానాలు కనిపిస్తాయి. అవి ఇవేనా?

2024 సెప్టెంబరు ముందు చూసి ఉంటే అయ్యుండొచ్చు, అది ట్రావిస్ స్థావరం. ఇప్పుడక్కడ నాలుగింజిన్లవి సీ-17, సీ-5, రెండింజిన్లది కేసీ-46.

కాలిఫోర్నియా కార్చిచ్చుల మీద ఎర్రటి పొడి లాంటిది పోసే మూడింజిన్ల విమానం కేసీ-10యేనా?

కాదు, అది టెన్ ట్యాంకర్ అనే ప్రైవేటు కంపెనీ మార్చుకున్న మామూలు డీసీ-10. ఇంధనం బదులు పొట్ట కింద ట్యాంకులో మంటల్ని ఆపే ద్రవం 35 వేల లీటర్లకి పైగా మోస్తుంది. ఎర్రరంగు ఎక్కడ పోశారో తర్వాత వచ్చే పైలట్‌కి కనపడటానికి.

ప్రైవేటు కంపెనీలు కూడా ట్యాంకర్లు నడుపుతాయా?

నడుపుతాయి. నెదర్లాండ్స్ వాళ్ల రెండు కేడీసీ-10లని ఒమేగా అనే అమెరికా కంపెనీ కొనుక్కుంది, నౌకాదళం లాంటివాళ్లకి గంటల లెక్కన ఇంధనం సేవ అమ్ముతుంది. అయితే 2025 నవంబరులో లూయీవిల్‌లో యూపీఎస్ వాళ్ల ఎండీ-11 (డీసీ-10 తర్వాతి రకం) సరకు విమానం ఎడమ ఇంజిన్ ఊడి కూలిపోయాక, తనిఖీలు అయ్యేదాకా ఎగరొద్దన్న ఆదేశం ఎండీ-11లతో ఆగకుండా డీసీ-10 కుటుంబానికీ వర్తించింది.